పిల్లల ఎముకలు ఇట్టే అతుక్కుంటాయి, భయపడాల్సింది అందుకే

“చిన్నపిల్లోడు గదా, ఎముక ఇట్టే అతుక్కుంటుందిలే.” మా ఎక్స్‌రే గది ముందున్న బెంచీ మీద ఈ మాట వినపడని రోజుండదు. అమ్మమ్మలు అంటారు, ఆటో తోలేవాళ్లు అంటారు, వేరే పని మీద వచ్చి పక్కన కూర్చున్నవాళ్లూ అంటారు. కంగారులో ఉన్న తల్లికి ధైర్యం చెప్పడానికి అనే మాట కాబట్టి ఎవరూ కాదనరు. ఈమధ్య ఒక పదేళ్ల పిల్లాడిని తీసుకొచ్చారు. బైకు మీద నుంచి పడ్డాడు, మోకాలి పైభాగం ఉబ్బిపోయి ఉంది. ఫిల్ములో తొడ ఎముక కింది చివర, సరిగ్గా ఎముక పెరిగే చోటే విరుపు కనపడింది. బయట ఒక పెద్దాయన ఆ తండ్రికి ఇదే మాట చెప్తున్నాడు. తండ్రి ఊపిరి పీల్చుకున్నాడు. అప్పటి నుంచి దీని గురించి రాయాలని ఉంది.

ఆ పెద్దాయన అన్నది అబద్ధం కాదు. తొడ ఎముక నడిమికి విరిగితే పెద్దవాళ్లకి నెలలు పట్టేది చిన్నపిల్లలకి వారాల్లో అతుక్కుంటుంది. కొంచెం వంకరగా అతికినా, పెరిగే కొద్దీ చాలావరకు అదే సర్దుకుంటుంది. అయితే ఈ మాట ఎముక నడిమి భాగానికి చెల్లుతుంది, చివరలకి చెల్లదు. చివర విరిగినప్పుడు, తొందరగా అతుక్కునే ఆ గుణమే కాలుని పొట్టి చేయగలదు, వంకర చేయగలదు. అందుకే పిల్లల కీళ్ల దగ్గర దెబ్బ తగిలితే ‘అతుక్కుందా’ అని అడిగి ఊరుకోకూడదు, ‘సరిగ్గా పెరుగుతోందా’ అని కనీసం ఏడాది పాటు అడుగుతూనే ఉండాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఫిల్ము మీద నల్ల గీత

పిల్లల మోకాలి ఫిల్ము చూపించగానే తల్లిదండ్రుల వేలు నేరుగా ఒకే చోటికి పోతుంది. తొడ ఎముక కింద నల్లటి అడ్డ గీత, ఆ గీత కింద విడిగా ఇంకో ముక్క. “ఇదిగో, ఇక్కడ తెగిపోయుంది గదా సార్?” అంటారు. తెగలేదమ్మా, పిల్లలందరికీ అట్టాగే ఉంటుంది అని చెప్తే నమ్మరు. దెబ్బ తగలని మోకాలు కూడా తీసి పక్కన పెట్టి చూపించాలి. అప్పుడు కుదుటపడతారు. తిరకాసు ఏమిటంటే, అసలైన విరుపు కూడా చాలాసార్లు ఆ గీతలోనే దాక్కుంటుంది. గీత ఒక పక్క కాస్త వెడల్పయిందా, కింది ముక్క వెంట్రుకవాసి జరిగిందా అన్నది రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూసినా ఒక్కోసారి తేలదు.

ఆ గీత ఖాళీ జాగా కాదు. అక్కడ ఉండేది మృదులాస్థి, అంటే ఇంకా గట్టిపడని మెత్తటి ఎముక. ఎక్స్‌రే కిరణాలు దాంట్లోంచి దూసుకుపోతాయి కాబట్టి నల్లగా పడుతుంది. డాక్టర్లు గ్రోత్ ప్లేట్ అంటారు. దానికి కీలు వైపున ఉన్న ముక్క ఎపిఫిసిస్, రెండో వైపున వెడల్పుగా ఉండే ఎముక భాగం మెటాఫిసిస్. బిడ్డ పుట్టేనాటికి పొడుగు ఎముకల చివరలు దాదాపు అంతా మృదులాస్థే. నెలలు నిండిన బిడ్డకి తొడ ఎముక మోకాలి చివరలో మాత్రం చిన్న ఎముక చుక్క అప్పటికే కనపడుతుంది. మిగతా చోట్ల ఒక్కొక్కటీ ఒక్కో వయసులో గట్టిపడుతూ వస్తాయి. ఆఖరుకి ఆ నల్ల గీత కూడా ఎముకైపోయి మాయమవుతుంది. పొడవు పెరగడం ఆ రోజుతో సరి.

ఎముక పొడుగయ్యేది చివర్లలోనే అని ప్రయోగం చేసి చూపించిన వాళ్లలో ఇంగ్లండుకి చెందిన స్టీఫెన్ హేల్స్ అనే చర్చి గురువు ఒకడు. ఎదిగే కోడిపిల్ల కాలి ఎముకకి కొద్ది ఎడంతో రెండు రంధ్రాలు పొడిచాడు. కొన్నాళ్లకి ఎముక బాగా పొడుగైంది, రంధ్రాల మధ్య దూరం మాత్రం అంతే ఉంది. 1727లోనే ఇది అచ్చయింది. మన ఇళ్లలో మాత్రం ఇప్పటికీ ఎముక కర్రలాగా ఒకే ముక్క అని, ఎక్కడ విరిగినా ఒకటే లెక్క అని అనుకుంటూ ఉంటాం.

ఆ మృదులాస్థి పొరలో జరిగే పని గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే. కీలు వైపు అంచున మూలకణాలు నెమ్మదిగా ఉంటాయి. వాటి నుంచి పుట్టిన కణాలు నాణేల దొంతర్లలా వరసలు కడతాయి. ఒక్కో దొంతర్లో పాత కణాలు ఉబ్బుతాయి, మొదట ఉన్నదానికి ఎన్నో రెట్లవుతాయి. అసలు పొడవులో ఎక్కువ భాగం ఈ ఉబ్బడం వల్లే వస్తుంది. ఆ తర్వాత వాటి చుట్టూ సున్నం పేరుకుంటుంది. మెటాఫిసిస్ వైపు నుంచి రక్తనాళాలు చొచ్చుకొచ్చి, ఎముక కట్టే కణాలని తెస్తాయి. మృదులాస్థి పోయి ఎముక మిగులుతుంది. ఒక వైపు పుడుతూ, ఇంకో వైపు ఎముకగా మారుతూ, పొర మందం మాత్రం అంతే ఉంటుంది. ఈ మొత్తంలో బలహీనమైన చోటు ఉబ్బిన కణాల వరస. కణాలు పెద్దవి, వాటి మధ్య పదార్థం తక్కువ. విరుపు ఎక్కువగా అక్కడే పడుతుంది. అదృష్టం ఏమిటంటే మూలకణాలు విరుపుకి అవతల, ఎపిఫిసిస్‌ని అంటిపెట్టుకుని ఉంటాయి. వాటికి రక్తం కూడా అటు నుంచే వస్తుంది. చాలామంది పిల్లలు ఏ ఇబ్బందీ లేకుండా బయటపడేది అందుకే.

అన్ని చివరలూ ఒకటి కావు. తొడ ఎముక పొడవులో 70 శాతం మోకాలి వైపు చివర నుంచే వస్తుంది. అక్కడ ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మోకాలి కింది ఎముక పై చివర ఏడాదికి 6 మిల్లీమీటర్లు. చేతికి వచ్చేసరికి తిరగబడుతుంది: భుజం దగ్గర, మణికట్టు దగ్గర ఎక్కువ, మోచేతి దగ్గర తక్కువ. మోకాలి ఎదుగుదల మగపిల్లలకి దాదాపు 16 ఏళ్లకి, ఆడపిల్లలకి 14 ఏళ్లకి ఆగుతుందని ఎముకల డాక్టర్లు వేసుకునే మోటు లెక్క. ఆ లెక్కన పదేళ్ల పిల్లాడికి తొడ ఎముక కింది చివర పూర్తిగా పనిచేయడం మానేస్తే, పెద్దయ్యేసరికి ఆ కాలు ఆరు సెంటీమీటర్ల దాకా పొట్టి కావచ్చు. పదిహేనేళ్ల కుర్రాడికి అదే దెబ్బ తగిలితే నష్టం పెద్దగా తెలియదు. అందుకే దెబ్బ ఎంత పెద్దది అనేదాని కన్నా ముందు వయసెంత అని అడగాలి.

ఎముక చివరకి ఇంకా చాలా పనులున్నాయి. బరువుని ఎక్కువ జాగా మీద పరచడానికే అది అంత వెడల్పు. లోపలి గుల్ల ఎముకలో సన్నటి పుల్లలు బరువు పడే దారుల వెంటే పేర్చినట్టు ఉంటాయి. 1860లలో జ్యూరిక్‌లో హెర్మన్ ఫాన్ మేయర్ అనే శరీర శాస్త్రవేత్త చూపించిన తొడ ఎముక కోతని కార్ల్ కుల్మన్ అనే ఇంజనీరు చూసి, క్రేనుకి తాము గీసుకునే ఒత్తిడి గీతలు ఇవేనని గుర్తుపట్టాడు. కీలు ఒరుసుకోకుండా ఉండే నున్నటి మృదులాస్థి కూడా ఆ చివరనే ఉంటుంది. బరువు మోయడం, కీలు కదలడం, పొడవు పెరగడం మూడూ ఒకే చోట. అందుకే అక్కడ పడిన విరుపు మీద అంత పట్టింపు నాకు.

అతుక్కోకూడని చోట అతుక్కుంటే

1963లో టొరంటోలో సాల్టర్, హారిస్ అనే ఇద్దరు ఎముకల డాక్టర్లు ఈ విరుపుల్ని ఐదు రకాలుగా విడదీశారు. ఇప్పటికీ ప్రపంచమంతా ఆ అంకెలే వాడతారు. మొదటి రెండిట్లో విరుపు పొర వెంట అడ్డంగా పోతుంది, మూలకణాలు చాలావరకు క్షేమం. మూడు, నాలుగు రకాల్లో విరుపు పొరని నిలువునా చీల్చుకుని కీలు లోపలికి పోతుంది. ఐదోది నలుగుడు, మొదటి రోజు ఎక్స్‌రేలో దాదాపు ఏమీ కనపడదు.

నిలువు చీలిక పడి రెండు ముక్కలు కాస్త ఎగుడుదిగుడుగా ఉండిపోయాయనుకోండి. ఒక వైపు ఎముక, రెండో వైపు ఎముక పొరని దాటి ఒకదాన్నొకటి అందుకుంటాయి. పిల్లల ఎముక కాబట్టి ఇట్టే అతుక్కుంటుంది. ఆ అతుకు పొరకి అడ్డంగా పడిన ఎముక వంతెన. వంతెన ఉన్న పక్క ఎదుగుదల ఆగిపోతుంది, రెండో పక్క పెరుగుతూనే ఉంటుంది. నొప్పి ఉండదు. పిల్ల పరిగెడుతుంది, బడికి పోతుంది. ఇంట్లోవాళ్లు ఆ సంగతే మర్చిపోతారు. కాలు మాత్రం నెలనెలా కొంచెం కొంచెం తిరుగుతూ ఉంటుంది.

ఒక ఎనిమిదేళ్ల పాప గుర్తొస్తుంది. సైకిల్ చక్రం ఊచల్లో పాదం ఇరుక్కుని చీలమండ లోపలి వైపు దెబ్బ తగిలింది. కట్టు కట్టించారు, మూడు నాలుగు వారాల్లో నడిచింది, అందరూ సంతోషించారు. ఏడాది దాటాక వాళ్లమ్మ తీసుకొచ్చింది. నొప్పని కాదు. “చెప్పు బయటి పక్కే అరిగిపోతా ఉంది సార్, కొత్తది కొన్నా అట్టాగే” అని చెప్పు విప్పి చూపించింది. నిజంగానే మడమ బయటి అంచు కాగితంలా అయిపోయింది, లోపలి అంచు కొత్తదిలా ఉంది. ఫిల్ము తీస్తే, నల్ల గీత లోపలి కొసన తెల్లటి ముడి. అక్కడ గీత లేదు. దాని పైన ఎముకలో సన్నటి తెల్ల చార ఒకటి, లోపలి కొసన గ్రోత్ ప్లేట్‌కి దగ్గరగా, బయటి కొసన దూరంగా, ఏటవాలుగా పోతోంది.

ఆ చార సంగతి చెప్పాలి. దెబ్బ తగిలినప్పుడో, పెద్ద జ్వరం వచ్చినప్పుడో ఎదుగుదల కొన్నాళ్లు మందగించి మళ్లీ పుంజుకుంటుంది. ఆ ఆగిన చోటు ఎముకలో అడ్డ చారగా మిగులుతుంది. పార్క్-హారిస్ గీతలంటారు, ఈ హారిస్ వేరే ఆయన. దెబ్బ తగిలిన కొన్ని నెలలకి తీసిన ఫిల్ములో ఆ చార గ్రోత్ ప్లేట్‌కి సమాంతరంగా ఉంటే ఎదుగుదల అన్ని వైపులా సమానంగా ఉన్నట్టు. ఏటవాలుగా ఉంటే ఒక పక్క పట్టేసినట్టు. కాలు వంకర కంటికి కనపడకముందే ఆ చార చెప్పేస్తుంది. స్కానింగులు కావాలంటే తర్వాత తీయొచ్చు. ముందు మామూలు ఎక్స్‌రే చాలు, ఎవరైనా ఆ పాపని ఆరో నెలలో తీసుకొచ్చి ఉంటే.

ముందే తెలిస్తే చేయగలిగింది ఉంది. ఫిన్లండులో లాంగెన్‌షోల్డ్ అనే సర్జన్ 1967లో ఒక ఆపరేషను మొదలుపెట్టాడు: ఆ ఎముక వంతెనని తొలిచేసి, మళ్లీ ఎముక పూడుకోకుండా అక్కడ ఒంట్లోని కొవ్వునే పెట్టడం. వంతెన పొరలో సగం కన్నా తక్కువ ఉండాలి, ఎదుగుదల ఇంకా రెండేళ్లైనా మిగిలి ఉండాలి. ఈ రెండు షరతులూ నెలలు గడిచే కొద్దీ చేజారిపోతాయి. ఆ తర్వాత మిగిలేది ఎముక కోసి తిప్పడం, రింగులు బిగించి సాగదీయడం. అవి కూడా చేస్తారు, బాగా చేస్తారు. కానీ ఒక కుటుంబం దానికి ఎన్ని నెలలు, ఎంత డబ్బు పోగొట్టుకుంటుందో బెంచీ మీద కూర్చుని వాళ్లు చెప్పుకుంటుంటే వింటూనే ఉన్నాను.

పుత్తూరు కట్టు, మొదటి వారం

మా నెల్లూరు వైపు ఎముక విరిగితే చాలామంది తొక్కేది పుత్తూరు బస్సే. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు. తరతరాల నమ్మకం, తక్కువ ఖర్చు, ఆపరేషను భయం లేదు. నడిమి భాగం విరిగిన పిల్లలు ఆ కట్లతో బాగుపడి తిరగడం నేను కళ్లారా చూశాను. దాన్ని వెక్కిరించే వాళ్లతో నాకు పొత్తు కుదరదు. పెద్దాసుపత్రిలో కట్టు విప్పి ‘అయిపోయింది, వెళ్లండి’ అని పంపించేసిన పిల్లల్ని కూడా అంతే మందిని చూశాను. తప్పు కట్టుది కాదు, ఆ ‘అయిపోయింది’ అనే మాటది.

ఒక్క విషయంలో మాత్రం రాజీ లేదు. ఎవరి దగ్గరికి పోయినా సరే, కీలు దగ్గర దెబ్బైతే ముందు ఎక్స్‌రే తీయించుకుని, ఎముకల డాక్టరుకి చూపించి పోండి. మొదటి రోజుల్లోనే తేల్చుకోవాలి. ముక్క జరిగి ఉంటే మత్తిచ్చి, ఒక్కసారే, మెల్లగా సర్దాలి. వారం, పది రోజులు దాటాక పొర అప్పటికే అతుక్కోవడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత లాగి సర్దబోతే మిగిలిన మూలకణాలు కూడా నలుగుతాయి. చాలాసార్లు అప్పుడు కదపకుండా వదిలేసి, కావాలంటే తర్వాత సరిచేయడమే మంచిదంటారు డాక్టర్లు. ఇంట్లో తైలం రాసి రోజూ లాగి మర్దన చేయడం, వారం చూసి తగ్గకపోతే ఒకరి దగ్గరికి, అక్కడ కుదరకపోతే ఇంకొకరి దగ్గరికి తిరగడం, ఈ తిరుగుడులో పోయేది సరిగ్గా ఆ వారమే.

ఇంకోటి. జ్వరం, మోకాలి దగ్గర ముట్టనివ్వని నొప్పి, కాలు కింద పెట్టకపోవడం. ఇంట్లోవాళ్లు ఎప్పటిదో ఒక దెబ్బ గుర్తు చేసుకుని ‘అప్పుడు పడ్డాడు, అదే’ అంటారు. పిల్లల్లో ఎముకకి చీము పట్టేది ఎక్కువగా ఈ చివర్లలోనే. మెటాఫిసిస్‌లో రక్తనాళాలు మెలిక తిరిగే చోట రక్తం నెమ్మదిగా పారుతుంది, క్రిములు అక్కడ నిలదొక్కుకుంటాయి. అక్కడ మర్దన చేయకూడదు, కట్టు కట్టి కూర్చోకూడదు. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

నన్ను ఇబ్బంది పెట్టే ప్రశ్నలు

ఇదంతా చదివి ప్రతి తల్లీ భయపడిపోతుందేమో అన్నది మొదటిది. పిల్లలకి అయ్యే మణికట్టు విరుపులు లెక్కలేనన్ని, అక్కడ గ్రోత్ ప్లేట్ దగ్గరే విరిగినా అది పాడయ్యేది నూటికి నాలుగైదుగురికి. నిజమే. తొడ ఎముక కింది చివర విరిగితే మాత్రం దాదాపు సగం మందికి ఎంతో కొంత ఎదుగుదల తేడా వస్తుంది. అక్కడ పొర ఎత్తుపల్లాలుగా ఉంటుంది, జరిగేటప్పుడు గట్టిగా నలుగుతుంది. రెండిటికీ ఒకే ధైర్యం చెప్పడం తప్పు, ఒకే భయం చెప్పడమూ తప్పే.

రెండోది నేను ఎక్కువ ఆలోచించింది. ‘పిల్లల్లో నరం బెణకదు, ముందు గ్రోత్ ప్లేటే విరుగుతుంది’ అని మా రంగంలో ఒక పాత సూత్రం ఉంది. దాన్ని నమ్మి, ఎక్స్‌రేలో ఏమీ లేకపోయినా చీలమండ బయటి వైపు వాచిన పిల్లలందరికీ సిమెంటు కట్టు వేసేవాళ్లు. 2016లో టొరంటో పరిశోధకులు అలాంటి 135 మంది పిల్లలకి ఎమ్మారై తీసి చూశారు. గ్రోత్ ప్లేట్ విరిగింది నలుగురికే. నూటికి 80 మందికి అయింది బెణుకే. అంటే ‘బెణుకేలే’ అన్న అమ్మమ్మ మాట ఆ చోట నిజమైంది. నేను ఈ లెక్కని దాచిపెట్టి వాదించలేను. చీలమండ బయటి వైపు ఒత్తుగా వాచి, ఎక్స్‌రే శుభ్రంగా ఉండి, పిల్లాడు రెండు మూడు రోజుల్లో కాలు మోపితే, పట్టీ చాలు. నా పట్టుదల మోకాలు, చీలమండ లోపలి వైపు, తుంటి, మోచేయి గురించి. కీలు చుట్టూ ఎముక మీదే నొక్కితే నొప్పి, వంకర, కాలు అసలు మోపలేకపోవడం ఉంటే బెణుకు అనే మాట ఎక్స్‌రే తర్వాతే రావాలి.

ఎక్స్‌రే కిరణాల భయం కూడా అడుగుతారు. కాలికో చేతికో తీసే ఒక ఫిల్ముకి పడేది, మామూలుగా గాలి నుంచి, నేల నుంచి మనకి కొన్ని గంటల్లో పడేపాటిదే. అది అడ్డు కాకూడదు.

అసలైన అడ్డు కూలి. కట్టు విప్పాక ఆరో నెలలో ఒకసారి, ఏడాదికి ఒకసారి రమ్మంటే, నొప్పి లేని బిడ్డ కోసం ఒక రోజు పని మానుకుని ఎవరు వస్తారు? రాని వాళ్లని తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఎందుకు రావాలో చెప్పని మేమే అడగాల్సిన ప్రశ్న అది. డిశ్చార్జి కాగితం మీద మందుల పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. ‘ఎముక పెరిగే చోట దెబ్బ తగిలింది, కాలు తిన్నగా పెరుగుతుందో లేదో ఫలానా నెలలో చూపించండి’ అని తెలుగులో ఒక్క వాక్యం రాసిన కాగితం నేను చాలా తక్కువ చూశాను. ఆ వాక్యం రాయడానికి డాక్టరే అక్కర్లేదు, కౌంటరు దగ్గర అమ్మాయి ముద్ర కొట్టినా సరిపోతుంది.

బడి దగ్గర కూడా ఒక దారుంది. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఆరోగ్య బృందాలు ప్రభుత్వ బడులకి వచ్చి పిల్లల్ని పరీక్షిస్తున్నాయి. ఎత్తు, బరువు, కళ్లు, పళ్లు చూస్తారు. ‘ఈ ఏడాది ఎవరికైనా ఎముక విరిగిందా?’ అని తరగతిలో ఒక్కసారి అడిగితే, చేతులెత్తిన ఇద్దరు ముగ్గురిని బల్ల మీద పడుకోబెట్టి రెండు మోకాళ్లూ, రెండు మడమలూ పక్కపక్కన చూస్తే సరిపోతుంది. మిషను అక్కర్లేదు. ఒక మడమ పైకి ఉన్నా, ఒక మోకాలు లోపలికి తిరిగినా పాత ఫిల్ము తీసుకుని రమ్మని చీటీ రాసి పంపితే చాలు. ఆ బృందాలకి ఇప్పటికే పని ఎక్కువని, ఒక్కో బడికి దొరికేది ఒక పూటేనని తెలుసు. ఆ పూటలోనే ఈ ప్రశ్న కూడా ఇరికించమని అడుగుతున్నాను. ఇది చదివే వాళ్లలో టీచర్లుంటే, బృందం వచ్చే లోపు మీరే అడిగి పేర్లు రాసిపెట్టినా వాళ్ల పని తగ్గుతుంది.